సొంతంగా కట్టుకునే చిన్న విమానానికి ల్యాండింగ్ గేర్ కాళ్లు: ఎంపిక నుంచి డ్రాప్ టెస్ట్ దాకా సమగ్ర మార్గదర్శి

విమానం కడుతున్నానని చెప్పగానే ఎవరైనా ముందు ఇంజన్ ఏది అని అడుగుతారు, తర్వాత రెక్కల గురించి అడుగుతారు. కాళ్ల గురించి అడిగినవాళ్లు ఇంతవరకు నాకు తగల్లేదు. కానీ ప్రతి ప్రయాణంలోనూ ఆఖరి దెబ్బ తినేది ఆ కాళ్లే. అవి సరిగ్గా లేకపోతే రెండు మూడేళ్ల కష్టం ఒక్క గట్టి ల్యాండింగ్‌లో పోతుంది, లోపల కూర్చున్నవాళ్ల నడుములు కూడా పోతాయి. అందుకే ఈ ఒక్క భాగం గురించే వివరంగా రాస్తున్నాను.

నేను టెక్సాస్‌లో మా ఇంటి గరాజ్‌లో రెండు సీట్ల టెయిల్‌డ్రాగర్ కడుతున్నాను. అంటే ముందు రెండు పెద్ద చక్రాలు, తోక కింద ఒక చిన్న చక్రం ఉండే రకం. నిండు బరువు 600 కిలోలు, రెక్కల వైశాల్యం 11.15 చదరపు మీటర్లు. కింద లెక్కలన్నీ ఈ విమానానివే. మీ అంకెలు వేరుగా ఉంటాయి, దారి మాత్రం ఇదే.

మొదలుపెట్టేముందు ఒక్క మాట బుర్రలో బాగా నాటుకోవాలి. కాలు స్తంభం కాదు, స్ప్రింగు. "ఎంత బలంగా ఉంది" అని కాదు, "విరక్కుండా ఎంత శక్తిని మింగుతుంది" అని అడగాలి. ఈ తేడా తెలియక చాలామంది భయంతో కాలిని లావు చేసేస్తారు, దాంతో కాలు బాగానే ఉంటుంది కానీ ఆ దెబ్బంతా ఫ్యూజ్‌లాజ్‌లోకి (విమానం మొండెంలోకి) ఎక్కుతుంది. ఎంత ఎక్కుతుందో ముందుకెళ్లాక అంకెలతోనే చూపిస్తాను.

ముందు చక్రం ఎక్కడుండాలో తేల్చండి

లోహం కొనకముందే నిజం సైజులో పక్క బొమ్మ గీయండి. నేను గరాజ్ నేల మీద సుద్దముక్కతో గీశాను, కంప్యూటర్ తెర మీద కనిపించని తప్పులు అక్కడ కనిపించాయి. విమానాన్ని ఎగిరేటప్పటిలా లెవెల్‌లో పెట్టి, గురుత్వ కేంద్రం నుంచి కిందికి నిలువు గీత గీయండి. అదే కేంద్రం నుంచి చక్రం నేలను తాకే చోటుకి ఇంకో గీత గీయండి. టెయిల్‌డ్రాగర్‌లో చక్రం ముందుండాలి, ఈ రెండు గీతల మధ్య కోణం 16 నుంచి 20 డిగ్రీలు ఉంటే మంచిది. తగ్గితే బ్రేకు వేసినప్పుడు ముక్కు నేలకు కొట్టుకుంటుంది. మరీ పెరిగితే తోక బరువెక్కి, నేల మీద విమానం గిర్రున తిరిగిపోవాలని చూస్తుంది. ఇద్దరు కూర్చుని సామాను పెట్టినప్పుడు, ఒక్కరే కూర్చుని ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు ఈ కేంద్రం జరుగుతుంది కాబట్టి రెండు చివర్లకీ గీసి చూడండి.

తర్వాత ప్రొపెల్లర్ ఎత్తు. చిన్న విమానాలకు అమెరికా పెట్టిన పాత పార్ట్ 23 నిబంధనల ప్రకారం (2017లో వాటిని తిరగరాశారు, ఈ అంకెలు అంతకుముందువి) లెవెల్‌లో ఉన్నప్పుడు ప్రొపెల్లర్ కొసకీ నేలకీ మధ్య టెయిల్‌డ్రాగర్‌కి 23 సెంటీమీటర్లు, ముక్కు చక్రం ఉన్నదానికి 18 సెంటీమీటర్లు ఉండాలి. స్ప్రింగు కాళ్లయితే ఒకటిన్నర రెట్ల బరువు పడి వంగినప్పుడు కూడా నేలకు తగలకూడదు. సొంతంగా కట్టుకునే విమానాలకు ఈ నిబంధనలు కట్టుబాటు కావు, కానీ ఇంతకంటే మంచి కొలబద్ద మనకు ఇంకెక్కడా దొరకదు, నేను మాత్రం వాటినే పట్టుకున్నాను.

ఇక్కడ కొత్తవాళ్లు చేసే పొరపాటు ఒకటుంది. గాల్లో వేలాడే కాలు ఒకలా ఉంటుంది, నేల మీద బరువు మోసే కాలు ఇంకోలా ఉంటుంది. నా కాళ్లు మామూలుగా నిలబడినప్పుడే ఒక్కోటీ 6 సెంటీమీటర్లకు పైగా వంగుతాయి. బొమ్మ రెండుసార్లు గీయాలి.

ఏ రకం కాలు

పాత పైపర్ కబ్ విమానం తరహాలో 4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు) పైపులతో త్రికోణం కట్టి, రబ్బరు బంజీ తాళ్లతో షాక్ ఆపడం ఒక పద్ధతి. వెల్డింగ్ వచ్చినవాళ్లకు ఇది చాలా మంచిది, రబ్బరు పాతబడితే మార్చుకోవచ్చు, ఒక పైపు వంగితే ఆ ఒక్క పైపే మార్చుకోవచ్చు. గాలి నిరోధం మాత్రం ఎక్కువ. మూనీ విమానాల్లో రబ్బరు బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి అణగదొక్కే పద్ధతి ఉంది, అదీ నమ్మకమైనదే.

రెండోది స్ప్రింగు స్టీలు. విస్కాన్సిన్‌లోని ఆష్‌కోష్‌లో ఉండే రేసు పైలట్ స్టీవ్ విట్‌మన్ దీన్ని జనంలోకి తెచ్చాడు, సెస్నా కంపెనీ ఆ హక్కులు తీసుకుని 1940ల్లో తన విమానాలకు పెట్టింది. ఇప్పుడు ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) వాళ్ల ఎయిర్‌వెంచర్ విమానాల పండుగ జరిగే విమానాశ్రయానికి ఆయన పేరే ఉంది. ఆయనే తర్వాత తన టెయిల్‌విండ్ విమానానికి గుండ్రటి, కొసకు సన్నబడే స్టీలు కడ్డీ కాళ్లు పెట్టాడు. వాన్స్ కంపెనీ ఆర్‌వీ-4, ఆర్‌వీ-6 విమానాల్లో కనిపించేవి ఆ జాతివే.

మూడోది అల్యూమినియం పట్టీ, 7075-టీ6 (7075 అనేది మిశ్రమం పేరు, టీ6 అంటే వేడిచేసి గట్టిపరిచిన స్థితి). నాలుగోది గ్లాస్ ఫైబర్, డిజైనర్ బర్ట్ రూటాన్ వేరీఈజీ, లాంగ్ఈజీ విమానాల్లోలా. సోనెక్స్ విమానాల కంపెనీ వాళ్లు టైటానియం కడ్డీ వాడారు.

ఇప్పుడు అసలు పోలిక. కిలో లోహం ఎంత శక్తిని దాచుకోగలదన్నది దాని సాగుడు హద్దు (శాశ్వతంగా సాగిపోకుండా తట్టుకునే ఒత్తిడి) వర్గాన్ని, దాని గట్టిదనానికి (వంగకుండా ఎదిరించే గుణానికి) రెట్టింపుతోనూ సాంద్రతతోనూ భాగిస్తే వస్తుంది. 7075-టీ6 హద్దు 500 మెగాపాస్కల్ దగ్గర, బాగా హీట్ ట్రీట్ చేసిన 6150 స్ప్రింగు స్టీలుది 1400 దగ్గర. లెక్కేస్తే రెండూ కిలోకి 600 జూల్స్ చుట్టుపక్కలే వస్తాయి! అల్యూమినియం పెడితే బరువు సగమవుతుందని అనుకునేవాళ్లు ఇది తప్పకుండా చూడాలి. శక్తి లెక్కలో బరువు దాదాపు సమానం, తేడా అంతా తుప్పులోనూ, చేసే పనిలోనూ, మందంలోనూ ఉంటుంది. గ్లాస్ ఫైబర్ మాత్రం నిజంగా గెలుస్తుంది, అది బాగా సాగుతుంది కాబట్టి. కార్బన్ ఫైబర్ బలమైనదే గానీ అంతగా సాగదు, అందుకే స్ప్రింగు కాలికి అది గ్లాస్ ఫైబర్ అంత నప్పదు.

6061 అల్యూమినియం చవకగా దొరుకుతుంది కదా అని చాలామంది అడుగుతారు. దాని సాగుడు హద్దు 276 మెగాపాస్కల్, వర్గం తీస్తే 7075 మింగే శక్తిలో 30 శాతమే. వద్దు.

ఇంకో ప్రశ్న మన ఊళ్ల నుంచి వస్తుంది. "లారీ కమాను పట్టీలు వాడొచ్చా అన్నా?" అని. విజయవాడ ఆటోనగర్‌లో ఆ కట్టలు గుట్టలుగా చూసి పెరిగినవాణ్ని కాబట్టి ఆ ఆలోచన ఎక్కణ్నుంచి వస్తుందో నాకు తెలుసు. జాతిగా చూస్తే అది మంచి స్ప్రింగు స్టీలే. కానీ పాత పట్టీ ఎన్ని లక్షల సార్లు వంగిందో, ఎక్కడ కంటికి కనపడని పగులు మొదలైందో ఎవరికీ తెలియదు. పైగా దాన్ని కాల్చి వంచితే మునుపటి టెంపర్ (వేడితో తెచ్చిన గట్టిదనం) పోతుంది. కొత్త పట్టీ, మిల్లు సర్టిఫికెట్‌తో కొనండి, వంచాక సరైన కొలిమిలో నూనెలో చల్లార్చి టెంపర్ చేయించండి. పాతది ఎంత బాగా కనిపించినా ముట్టుకోకండి.

గ్లాస్ ఫైబర్ నేనెందుకు వదిలేశానంటే, టెక్సాస్ ఎండ. ఎండలో నిలబెట్టిన విమానం బరువుకి ఎపాక్సీ (గాజు నారల్ని పట్టి ఉంచే జిగురు) మెల్లగా జారి కాళ్లు రోజురోజుకీ విచ్చుకోవచ్చు, బ్రేకు వేడి ఇరుసు దగ్గర కాలిని మెత్తబరచొచ్చు. వేడి అడ్డు రేకులు పెట్టి ఏళ్ల తరబడి ఎగురుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు, అది చెడ్డ ఎంపిక కాదు. నాకు మాత్రం 7075 పట్టీయే నచ్చింది, ఒక చక్రం నుంచి ఇంకో చక్రం దాకా ఒకే ముక్క, విల్లులా.

ఎంత దెబ్బ ఆపాలి

ఐరోపా తేలిక విమానాల నియమావళి సీఎస్-వీఎల్ఏలో ఒక సూత్రం ఉంది. బరువును న్యూటన్లలో రెక్కల వైశాల్యంతో భాగించి, నాలుగో మూలం తీసి, 0.51తో గుణిస్తే నేలను తాకే వేగం మీటర్లలో వస్తుంది. నాకు 600 × 9.81 ÷ 11.15 = 528, నాలుగో మూలం 4.79, వేగం సెకనుకి 2.44 మీటర్లు. ఇది 30 సెంటీమీటర్ల ఎత్తు నుంచి రాయి పడినప్పటి వేగం. వినడానికి తక్కువ అనిపిస్తుంది, కానీ 600 కిలోలు పడితే తక్కువేమీ కాదు.

ఒక్కో కాలికి 300 కిలోలు. గతిశక్తి 893 జూల్స్. కాలు వంగుతున్నంతసేపూ విమానం ఇంకా కిందికి దిగుతూనే ఉంటుంది, ఆ శక్తినీ కలపాలి. ఆ క్షణంలో రెక్కలు మూడింట రెండొంతుల బరువు మోస్తున్నాయని అనుకోవచ్చు కాబట్టి మిగిలేది మూడో వంతు, అంటే కాలికి 981 న్యూటన్లు.

ఇప్పుడు నేల నుంచి వచ్చే దెబ్బ మామూలు బరువుకి 3 రెట్లు దాటకూడదని నిర్ణయించుకున్నాను, అంటే కాలికి 8829 న్యూటన్లు. స్ప్రింగు మింగే శక్తి ఆ బలంలో సగం × వంగిన దూరం. కాబట్టి 4414 × దూరం = 893 + 981 × దూరం. దూరం 26 సెంటీమీటర్లు వస్తుంది. ఇందులో నా 5.00-5 టైరు ఆ బరువుకి సుమారు 6.5 తీసుకుంటుంది. మిగిలిన 19.5 సెంటీమీటర్లు కాలు నిలువుగా పైకి వంగాలి. దాదాపు జానెడు! ఈ అంకె మొదటిసారి వచ్చినప్పుడు నేను నమ్మలేదు, మూడుసార్లు మళ్లీ లెక్కేశాను.

మందం ఎంత

నా కొలతలు ఇవి: ఫ్యూజ్‌లాజ్ కింద రెండు బిగింపుల మధ్య 500 మి.మీ., బిగింపు అంచు నుంచి ఇరుసు దాకా కాలి పొడవు 800, అదే అడ్డంగా కొలిస్తే 600. పట్టీ మందం 22.2 మి.మీ. (అంగుళంలో ఎనిమిదింట ఏడొంతులు, ఇక్కడ దొరికే సైజు), వెడల్పు మొదట్లో 140, ఇరుసు దగ్గర 85.

బిగింపు అంచు దగ్గర వంపు బలం 8829 × 0.6 = 5297 న్యూటన్ మీటర్లు. దాన్ని 6తో గుణించి వెడల్పుతోనూ మందం వర్గంతోనూ భాగిస్తే ఒత్తిడి 460 మెగాపాస్కల్ వస్తుంది. హద్దు 500. ఎడం ఎక్కువ లేదు నిజమే, స్ప్రింగు కదా, హద్దు దగ్గర పని చేస్తేనే అది తేలిగ్గా ఉంటుంది.

వంపు లెక్కలో నాకు బాగా నచ్చిన విషయం ఒకటి బయటపడింది. బయటికి కనిపించే కాలు ఒక్కటే తీసుకుంటే నిలువు వంపు 10.3 సెంటీమీటర్లే, అవసరంలో సగం. మిగతాది ఎక్కణ్నుంచి? ఫ్యూజ్‌లాజ్ కింద దాగిన ఆ 500 మి.మీ. మధ్య ముక్క నుంచి. రెండు చక్రాలూ ఒకేసారి తాకితే అది కూడా విల్లులా వంగి, కాలి మొదలు తిరిగేలా చేసి, ఇంకో 8.6 సెంటీమీటర్లు ఇస్తుంది. మొత్తం 19 దగ్గర, దెబ్బ 3.03 రెట్ల దగ్గర ఆగుతుంది. అందుకే మధ్య ముక్కని ఫ్యూజ్‌లాజ్‌కి పొడవునా అంటించి బిగించకూడదు, దాని పైన వంగడానికి ఖాళీ వదలాలి.

ఇప్పుడు పైన చెప్పిన భయం సంగతి. "ఎందుకొచ్చిన గొడవ, పావు వంతు లావు చేద్దాం" అనుకున్నామనుకోండి. మందం 27.8 అయితే గట్టిదనం దాదాపు రెట్టింపవుతుంది, దెబ్బ 3.03 నుంచి 3.7 రెట్లకు పెరుగుతుంది, రెక్కల వాటా కలిపితే విమానానికీ మనకీ తగిలేది 4.4. నా విమానాన్ని 3.8కి డిజైన్ చేశాను. మొత్తం పట్టీ బరువు సుమారు 15.5 కిలోల నుంచి దాదాపు 4 కిలోలు పెరిగి, విమానం మాత్రం బలహీనమైనట్టే.

నిలువు దెబ్బ ఒక్కటే చూసి ఆపకండి. బ్రేకు వేసినప్పుడు నిలువు బరువులో 0.8 వంతు వెనక్కి లాగుతుందని, పక్కకి జారినప్పుడు ఒక చక్రానికి మొత్తం బరువులో సగం లోపలికీ ఇంకోదానికి 0.33 వంతు బయటికీ తోస్తాయని పాత నిబంధనలు చెబుతాయి. నా కాలికి ఇవేవీ మందాన్ని మార్చలేదు, కానీ ముందుకో వెనక్కో వాలిన కాళ్లయితే మెలిక బలం పెద్దదే అవుతుంది.

బిగింపులు

రెండు చక్రాలూ కలిసి తాకితే బిగింపుల పని సులువు. ఒంటి చక్రం మీద దిగినప్పుడు చూడండి. 5297ని 0.5తో భాగిస్తే 10,594 న్యూటన్లు. తాకిన వైపు బిగింపు 8829 + 10,594, అంటే 19,400 న్యూటన్లతో ఫ్యూజ్‌లాజ్‌ని పైకి తోస్తుంది. అవతలి బిగింపేమో టన్నుకి కాస్త పైగా బలంతో కిందికి లాగుతుంది. కాలు ఎప్పుడూ పైకే తోస్తుందని అనుకుని అవతలి బోల్టులని నిర్లక్ష్యం చేసిన డ్రాయింగులు నేను చూశాను. నేను ప్రతి బిగింపుకీ ఏఎన్6 (విమానాలకు వాడే రకం) బోల్టులు రెండు పెట్టాను, అవి పట్టుకునే ఫ్రేముని కూడా అదే బలానికి లెక్కేశాను.

బోల్టులు పట్టీకి ముందూ వెనకా పోవాలి, పట్టీలోంచి కాదు. అత్యధిక ఒత్తిడి సరిగ్గా బిగింపు బయటి అంచు దగ్గరే ఉంటుంది, అక్కడ బెజ్జం వేస్తే విరగమని చోటు చూపించినట్టే. బిగింపు అంచుని గుండ్రంగా అరగదీసి, లోహానికీ లోహానికీ మధ్య పలచటి గట్టి యురేతేన్ (రబ్బరులాంటి ప్లాస్టిక్) పెట్టండి. పట్టీ పక్కకి జరక్కుండా దాని రెండు వంపులే ఆపుతాయి, వంపు బిగింపు పక్కనే మొదలయ్యేలా చూసుకుంటే చాలు.

తయారీ

టీ6 స్థితిలో ఉన్న 7075 పలకని వంచబోతే పగులుతుంది. మెత్తటి స్థితిలో, అంటే "ఓ" టెంపర్‌లో కొనాలి. నేను ముందు ప్లైవుడ్‌తో అచ్చు కోసి విమానం కింద పెట్టి చూసి, ఆ తర్వాతే పలక కోశాను. కోత అంచులు రెండు మూడు మి.మీ. ఎక్కువ వదిలి, ఆకురాయితో గీత దాకా తెచ్చాను. హైడ్రాలిక్ ప్రెస్ మీద పెద్ద వ్యాసార్ధంతో, నేను 150 మి.మీ. వాడాను, మెల్లగా వంచండి. రెండు వైపులా ఒకే కోణం వచ్చిందో లేదో చదునైన గచ్చు మీద బోర్లించి కొలవండి.

తర్వాత విమాన భాగాలు చేసే హీట్ ట్రీట్‌మెంట్ షాపుకి పంపాలి. వాళ్లు 470 డిగ్రీల పైన వేడిచేసి నీళ్లలో చల్లారుస్తారు, ఆ తర్వాత 120 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఉంచుతారు. నీళ్లలో పడగానే పట్టీ కాస్త మెలి తిరుగుతుంది, ఇది ఖాయం. చల్లారిన వెంటనే కొద్దిసేపు లోహం మెత్తగానే ఉంటుంది, సరిచేయాల్సింది అప్పుడే. ముందే వాళ్లతో మాట్లాడుకుని కొలతల గేజి కూడా పట్టీతో పంపండి. తిరిగొచ్చాక కాఠిన్యం కొలిపించండి, రాక్‌వెల్ బీ స్కేలు మీద 87 దగ్గర ఉండాలి.

ఇక పైపని. అంచులన్నీ 3 మి.మీ. గుండ్రంగా చేసి, ఎమరీ పేపరు ఎప్పుడూ పొడవు దిశలోనే రుద్దాలి. నా పట్టీ చూడటానికి ఈఏఏ టెక్నికల్ కౌన్సెలర్ ఒక పెద్దాయన వచ్చారు. కళ్లద్దాలు కూడా పెట్టుకోకుండా బొటనవేలి గోరుని పట్టీ అంచు వెంట మెల్లగా జరుపుకుంటూ పోయి, బిగింపు చోటుకి నాలుగు వేళ్ల దూరంలో ఆగి, "ఇక్కడ" అన్నారు. ఆకురాయి అడ్డంగా గీసిన సన్నటి గీత, నాకు కనపడనే లేదు. గోరుకి తగిలిందంటే పగులుకి కూడా తగులుతుందని చెప్పారు. ఆ ఒక్క గీత పోవడానికి మూడు గంటలు పట్టింది. ఇప్పుడు నేను కూడా గోరుతోనే చూస్తాను.

వీలైతే షాట్ పీనింగ్ (చిన్న గుళ్లతో పైభాగాన్ని కొట్టడం) చేయించండి, పగుళ్లు మొదలవ్వడాన్ని అది బాగా ఆపుతుంది. ఆ తర్వాత ఆలోడైన్ (తుప్పు ఆపే రసాయన పూత), దానిపైన ఎపాక్సీ ప్రైమరు, పెయింటు. పౌడర్ కోటింగ్ మాత్రం వద్దు. అది 180 నుంచి 200 డిగ్రీల దాకా కాల్చి ఆరబెట్టే పని, 120 దగ్గర బలం తెచ్చుకున్న 7075ని అంత వేడిలో పెడితే ఆ బలం పోతుంది, పైకి మాత్రం నిగనిగలాడుతూ కనిపిస్తుంది. బ్రేకు గొట్టం కోసం కాలికి బెజ్జాలు వేయకండి, గట్టి టేపుతో వెనక అంచుకి కట్టండి.

స్టీలు ఎంచుకున్నవాళ్లకి నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను మొదట చేసినవి 6150 స్టీలు కాళ్లే. తుప్పు పట్టకుండా జింకు పూత వేయిద్దామని దగ్గర్లో ఒక ప్లేటింగ్ షాపుకి ఇచ్చాను. వాళ్లు యాసిడ్‌లో కడిగి, పూత వేసి, తళతళలాడుతూ ఇచ్చారు. సాయంత్రం స్టాండుకి బిగించి, పూర్తి లోడులో మూడో వంతు వేలాడదీసి, మర్నాడు కొలుద్దామని వదిలేశాను. పొద్దున్నే తలుపు తీస్తే బరువులు నేల మీద, కాలు రెండు ముక్కలు. విరిగిన ముఖం మీద పంచదార పలుకుల్లా చిన్న చిన్న మెరుపులు. యాసిడ్ నుంచీ పూత నుంచీ హైడ్రోజన్ స్టీలులోకి చేరి, గట్టి స్టీలుని లోపలి నుంచి పెళుసు చేసేస్తుంది, వెంటనే కాకుండా గంటల తర్వాత విరుగుతుంది. పూత వేసిన కొద్ది గంటల్లోనే 190 డిగ్రీల దగ్గర గంటల తరబడి కాల్చి ఆ హైడ్రోజన్‌ని బయటికి పంపాలి, అది జరగలేదు, అడగాలని నాకూ తెలియలేదు. అది ఆకాశంలో ఉండగా కాక గరాజ్‌లోనే జరిగినందుకు ఇప్పటికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాను. స్టీలు కాలికి మంచి పెయింటు చాలు.

లోడు పెట్టి చూడడం

ముందు నిలకడ లోడు. విమానానికి కాకుండా, అదే దూరంలో బిగింపులున్న స్టీలు ఫ్రేముకి పట్టీని బిగించండి. ఇరుసుల కింద జాకీ, దాని కింద తూకం పెట్టి, రెండు వైపులా సమానంగా ఎత్తుతూ ప్రతి 100 కిలోలకీ వంపు రాసుకోండి. నాకు కాలికి 300 కిలోలకి 63, 600కి 126, 900కి 190 మి.మీ. రావాలని లెక్క, కొలిస్తే 61, 124, 187 వచ్చాయి. తేడా తక్కువే, పైగా గీత తిన్నగా ఉంది. లోడు తీశాక మొదటి చోటికి రావాలి. మిల్లీమీటరు కంటే ఎక్కువ వెనకబడితే ఆ పట్టీ సాగిపోయినట్టే, దాన్ని పక్కన పెట్టేయండి.

తర్వాత డ్రాప్ టెస్ట్, అంటే ఎత్తు నుంచి పడేసి చూడడం. ఎత్తు నాకు 303 మి.మీ. రెక్కలు లేవు కాబట్టి మొత్తం 600 కిలోలు పడేయకూడదు, ఎత్తుకి వంపులో మూడో వంతు కలిపి, దాన్ని ఎత్తు, వంపుల మొత్తంతో భాగించాలి: (303 + 85) ÷ (303 + 255) = 0.695, అంటే 417 కిలోలు. ఇసుక బస్తాలు ఫ్రేముకి తాళ్లతో గట్టిగా కట్టాను. టైర్ల కింద రెండేసి అల్యూమినియం రేకులు, మధ్యలో గ్రీజు దట్టంగా పూసి పెట్టండి. నిజంగా దిగేటప్పుడు చక్రం దొర్లుతూ పక్కకి విచ్చుకుంటుంది, గరాజ్‌లో మాత్రం గచ్చుని పట్టుకుని కాలిని వంగనివ్వదు. పక్కన తెల్ల చెక్క మీద నల్ల గీతల స్కేలు పెట్టి, ఫోనులో స్లో మోషన్ వీడియో తీస్తే ఎంత వంగిందో ఫ్రేము ఫ్రేముకీ కనిపిస్తుంది. పిల్లల్నీ, చుట్టుపక్కల వాళ్లనీ దూరంగా ఉంచండి, విడుదల హుక్కుని పొడవాటి తాడుతో లాగండి. నేను 10 సెంటీమీటర్ల నుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టూ ఎక్కాను. పూర్తి ఎత్తు సరిగ్గా వచ్చాక, 1.44 రెట్ల ఎత్తు నుంచి, అంటే 436 మి.మీ. నుంచి ఒక్కసారి. అక్కడ కాస్త వంగిపోయినా పర్వాలేదు కానీ విరక్కూడదు. ఆ పరీక్ష తిన్న పట్టీని విమానానికి వాడను, అందుకే ముందే రెండు చేయించాను.

చక్రాల వరస

ఇక్కడ ఓపిక కావాలి. తోకని ఎత్తి స్టూలు మీద పెట్టి, విమానం లెవెల్‌లో ఉండగానే కొలవండి. తోక నేల మీద ఉన్నప్పుడు పైకి వాలుగా ఉన్న చక్రం, తోక లేచాక పక్కకి తిరిగిన చక్రం అవుతుంది కాబట్టి, కింద ఉండగా సరిచేస్తే పరుగెత్తేటప్పుడు తప్పుతుంది. మళ్లీ అవే గ్రీజు రేకుల మీద నిలబెట్టి, విమానాన్ని రెండుసార్లు కిందికి నొక్కి వదలండి, కాళ్లు తమ సహజ స్థితికి వస్తాయి. రెండు చక్రాల ముందు తిన్నటి పైపు ఆనించి, మధ్య గీతకి మూలమట్టంతో చూడండి. టెయిల్‌డ్రాగర్‌కి సున్నా, లేదా ముందుభాగం అతి కొంచెం బయటికి. లోపలికి తిరిగితే మాత్రం విమానం కాస్త పక్కకి జరగ్గానే ఒక చక్రం ఇంకా ఎక్కువగా లాగి, గిర్రున తిప్పేస్తుంది. సరిచేయడానికి ఇరుసు పళ్లెం వెనక సన్నటి వాలు షిమ్ములు (సర్దుబాటు రేకులు) పెడతారు. ఒక్కసారితో కుదరదు, నాకు ఐదుసార్లు పట్టింది. ఇంధనం నింపి, ఇద్దరి బరువు పెట్టి మళ్లీ కొలవండి.

ఎగరడం మొదలయ్యాక

కొత్త విమానం నేల మీద తిరగడం మొదలుపెట్టిన పది గంటల తర్వాత బిగింపు బోల్టుల టార్క్ (బిగుతు) మళ్లీ చూడండి, యురేతేన్ సర్దుకుంటుంది కాబట్టి అవి వదులవుతాయి. బిగింపు అంచు దగ్గర పెయింటులో అడ్డంగా వెంట్రుకలాంటి గీత కనిపిస్తే పెయింటే కదా అని వదలకండి, తుడిచి డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపించే రంగు) వేసి చూడండి. గట్టి ల్యాండింగ్ తర్వాతైతే గీత కనిపించకపోయినా వేయండి. నేను రెండు వైపులా రెక్క మొదలు కింద చిన్న చుక్క పెట్టుకున్నాను, ట్యాంకులు ఖాళీగా, విమానంలో ఎవరూ లేకుండా, గ్రీజు రేకుల మీద, నేల నుంచి ఆ చుక్కలకి ఎత్తు కొలిచి లాగ్‌బుక్ మొదటి పేజీలో రాశాను. ప్రతి వార్షిక తనిఖీలో అదే కొలత మళ్లీ తీస్తాను. ఒక వైపు 5 మి.మీ. తగ్గిందంటే ఆ వైపు పట్టీ దిగుతుంది.